పెరటి మందు: ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు?

హైదరాబాద్ తార్నాకలో ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ. హబ్సిగూడ దాటేలోపు సీసీఎంబీ, ఎన్జీఆర్‌ఐ. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ. ఇంకాస్త ముందుకు పోతే బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర సంస్థ సిమాప్ వారి పరిశోధన కేంద్రం. మందునూ మొక్కనూ మట్టినీ మనిషి కణాన్నీ చదివే సంస్థలు ఇన్ని ఒకే దారి పొడవునా ఉన్న చోటు దేశంలో అరుదు. ఆ దారికి అటూ ఇటూ ఉన్న నాచారం, మల్లాపూర్, చిలుకానగర్, రామంతపూర్, ఉప్పల్ కాలనీల్లో ఏ వీధిలో నడిచినా గేటు లోపల తులసి కోట, దాని పక్కన కలబంద, పాత పెయింటు డబ్బాలో వాము ఆకు, పిట్టగోడ మీదికి పాకిన తిప్పతీగ, మూలన రణపాల కనిపిస్తాయి. ఇక్కడ స్థిరపడినవాళ్లలో చాలామందిది నల్లగొండ, జనగామ, వరంగల్ వైపు ఊళ్లు. పండక్కి పోయి వచ్చి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగేటప్పుడు వాళ్ల సంచుల్లో బియ్యం, పచ్చళ్లతో పాటు ఓ తీగ ముక్కో, వేరుతో సహా పెకిలించిన మొక్కో ఉంటుంది.

ఇంట్లో పెంచిన ఆయుర్వేద మొక్కను మందుగా వాడుకోవచ్చా అన్న ప్రశ్నకు మన చుట్టూ రెండు జవాబులే వినిపిస్తున్నాయి. ఆకే కదా, ఏమీ కాదు, తాగమంటారు కొందరు. అంతా మూఢనమ్మకం, ముట్టుకోవద్దంటారు మరికొందరు. రెండూ తొందరపాటు జవాబులే. గ్రంథాలు ఏమన్నాయి, పరీక్షల్లో ఏం తేలింది, ఎక్కడ దెబ్బ తగిలింది, మన పేట మట్టి ఎలాంటిది అన్నవి అన్నీ కలిపి చూస్తే నాకు తోచిన తీర్పు ఇది: పెరటి మందు చిన్న బాధలకు, కొద్ది రోజులకు, తెలిసిన మొక్కతో, తెలిసిన మట్టిలో వాడుకోదగినదే. నెలల తరబడి రోజూ పరగడుపున తాగే అలవాటుగా మారినప్పుడే అది ప్రమాదం.

ముందు గ్రంథాల సంగతి. ఇంటి మొక్కకు ఆయుర్వేదంలో గట్టి ఆధారమే ఉంది. ఎండబెట్టినవి కాకుండా ఎప్పుడూ పచ్చివే వాడవలసిన మూలికలంటూ శార్‌ఙ్గధర సంహిత కొన్నింటిని విడిగా చెప్పింది. తిప్పతీగ, అడ్డసరం, శతావరి, అశ్వగంధ ఆ వరుసలో ఉన్నాయి. కొట్టులో ఏడాదిగా పడి ఉన్న పొడి కన్నా అప్పుడే కోసిన తీగ మేలన్నది పెద్దవాళ్ల చాదస్తం కాదు, శాస్త్రం చెప్పిన మాటే. కానీ అదే శాస్త్రం కొలత కూడా చెప్పింది. కషాయానికి మూలికకు పదహారు రెట్లు నీళ్లు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా సన్నని సెగ మీద మరిగించాలంది. పథ్యం చెప్పింది, అనుపానం చెప్పింది, రోగి వయసు, బలం, జీర్ణశక్తి, కాలం చూసి మోతాదు మార్చమంది. ప్రభుత్వం అచ్చువేసిన ఆయుర్వేద ఫార్మకోపియా తిప్పతీగకు ఇచ్చిన మోతాదు పొడి అయితే 3 నుంచి 6 గ్రాములు, కషాయానికైతే 20 నుంచి 30 గ్రాములు. మన వంటిళ్లలో జరుగుతున్నది వేరు. గుప్పెడు ఆకులు, మూరెడు తీగ, రెండు గ్లాసుల నీళ్లు, రంగు మారేదాకా మరగడం, అంతే. మొక్కను శాస్త్రం నుంచి తీసుకున్నాం, కొలతను మాత్రం అక్కడే వదిలేశాం.

ఒకప్పుడు ఈ లోటును తీర్చేది ఊరి వైద్యుడు. నాడి పట్టి, నాలుక చూసి, వారం తర్వాత మళ్లీ రమ్మనేవాడు. మందు పడకపోతే ఆపించేవాడు. వస్తుగుణదీపిక లాంటి పుస్తకాలు ఇళ్లలో ఉండేవి గానీ వాటిని విప్పి చెప్పే మనిషి కూడా వీధిలో ఉండేవాడు. నగరానికి వచ్చేటప్పుడు మొక్కను తెచ్చుకున్నాం. ఆ మనిషి ఊళ్లోనే ఉండిపోయాడు. ఆయన చోటును ఇప్పుడు ఫోనులో తిరిగే వీడియోలు ఆక్రమించాయి. తాగేవాళ్లు ఎవరో, వాళ్లకు ఏ జబ్బులున్నాయో వీడియో అడగదు. ఫలానా రోజున ఆపమని చెప్పదు.

ఈ లోటు ఎంత ఖరీదైనదో తిప్పతీగ విషయంలో తేలింది. కొవిడ్ కాలంలో హైదరాబాద్ అంతటా ఇంతగా అడిగిన మొక్క మరొకటి లేదు. వేప చెట్టు మీద పాకిన తీగ శ్రేష్ఠమని వైద్యులు చెప్పే మాట కూడా అప్పుడు అందరి నోటా పడింది. కేంద్ర ఆయుష్ శాఖ 2020 అక్టోబరు 6న విడుదల చేసిన చికిత్సా విధానంలో నివారణ కోసం గుడూచి, అంటే తిప్పతీగ, ఉంది. సారమైతే 500 మిల్లీగ్రాములు, పొడి అయితే 1 నుంచి 3 గ్రాములు, రోజుకు రెండుసార్లు, గోరువెచ్చని నీళ్లతో. గడువు 15 రోజులు, లేదా ఒక నెల, లేదా వైద్యుడు చెప్పినంత కాలం. ఈ గడువును గుర్తు పెట్టుకోవాలి. జనంలోకి మొక్క పేరు పోయింది గానీ గడువు పోలేదు.

ఆ తర్వాత ఆసుపత్రుల నుంచి కబుర్లు మొదలయ్యాయి. 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య కామెర్లతో వచ్చిన ఆరుగురు రోగుల్లో తిప్పతీగ వాడకాన్ని గుర్తించిన ముంబై కాలేయ వైద్యులు 2021లో ఆ వివరాలు ప్రచురించారు. 2022లో మన హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి వైద్యుల ఆధ్వర్యంలో దేశంలోని 13 కేంద్రాల వివరాలు కలిపిన అధ్యయనం వచ్చింది. అందులో 43 మంది రోగులు. సగానికి పైగా ఆడవాళ్లు. తీగ తాగడం మొదలుపెట్టిన నాటి నుంచి బాధ పైకి తేలడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 46 రోజులు. మందు ఆపాక చాలామంది కోలుకున్నారు. ముందే కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ప్రాణం మీదికి వచ్చింది. కొందరిలో కాలేయం తీరు శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బును పోలి ఉంది. రోగనిరోధక శక్తిని రేపుతుందని తాగిన మందు, లోపల నిద్రపోతున్న అలాంటి స్వభావాన్ని కూడా రేపి ఉండవచ్చన్నది వైద్యుల ఊహ. థైరాయిడ్, మధుమేహం ఉన్నవాళ్లు ఆ రోగుల్లో గణనీయంగా కనిపించడం ఆలోచించదగ్గది.

ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. గుడూచి సురక్షితమేననీ, దానిలాగే ఉండే మరో తీగ టినోస్పోరా క్రిస్పాను పొరపాటున వాడి ఉండవచ్చనీ 2022 ఫిబ్రవరిలో ప్రకటన ఇచ్చింది. అసలు తిప్పతీగ కాండం మీద బుడిపెలుండవు, పువ్వుకు ఆరు రేకులు. క్రిస్పా కాండం నిండా చిన్న చిన్న బుడిపెలు, పువ్వుకు మూడే రేకులు. ఈ వాదంలో ఎవరు ఎంత నిజమన్నది పండితులు తేల్చుకోవలసింది. ఇంట్లో తాగేవాళ్లకు మాత్రం రెండు వాదాల నుంచీ ఒకే నీతి వస్తుంది. మొక్క దోషమైతే ఎక్కువ రోజులు తాగకూడదు. గుర్తింపు దోషమైతే తెలియని తీగ తాగకూడదు. వైద్యుడు చెబితే తప్ప నెలతో ఆపమని ప్రభుత్వ విధానమే అన్నప్పుడు, బాధ బయటపడిన కాలం 46 రోజుల దగ్గర ఉన్నప్పుడు, ఏడాది పొడవునా పరగడుపున ఓ గ్లాసు తాగడాన్ని ఏ శాస్త్రమూ సమర్థించదు. ఆయుర్వేదం కూడా.

మరి లక్షల మంది తాగితే 43 మందేనా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అది లెక్కకు అందినవాళ్ల సంఖ్య, దెబ్బతిన్నవాళ్లందరి సంఖ్య కాదు. కామెర్లతో వచ్చిన మనిషిని ఏ కషాయమైనా తాగారా అని అడిగితేనే ఆ లెక్క పుడుతుంది. మన క్లినిక్‌లలో ఆ ప్రశ్న అడిగే డాక్టరు తక్కువ. అడిగితే తిడతారేమోనని దాచే రోగి ఎక్కువ. అయినా మన దగ్గర తిప్పతీగను అమృతవల్లి అని పూజించిన తరాలు అబద్ధమాడలేదు. జ్వరాలకు, ఒళ్లు నొప్పులకు, వైద్యుడు చెప్పిన కొద్ది రోజులకు వాళ్లు వాడిన పద్ధతి వేరు, మనం వాడుతున్న పద్ధతి వేరు.

తిప్పతీగ కీడు గురించి మాట్లాడితే, నేల ఉసిరి మేలును కొలవడం ఎంత కష్టమో చూపిస్తుంది. పచ్చకామెర్లకు పసరు పోయడం తెలుగు నేల అంతటా ఉంది. నేల ఉసిరి నూరి మజ్జిగలోనో మేకపాలలోనో ఇవ్వడం, ఉప్పు, నూనె మానిపించడం అందరికీ తెలుసు. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందిలో కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ వారాల్లో ఏం ఇచ్చినా పేరు దానికే వస్తుంది. ఈ మొక్కను గట్టిగా పరీక్షించిన సందర్భం మద్రాసులో జరిగింది. 1988లో ఎస్.పి. త్యాగరాజన్ బృందం, నోబెల్ గ్రహీత బరూచ్ బ్లంబర్గ్‌తో కలిసి, హెపటైటిస్-బి వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవాళ్లకు నేల ఉసిరి ఇచ్చి లాన్సెట్‌లో ఫలితం ప్రచురించింది. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు మాయమైంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే. ప్రపంచమంతా ఉలిక్కిపడి చూసింది. తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. జాతి తేడా అన్నారు, మొక్క పెరిగిన నేల తేడా అన్నారు, కోసిన కాలం అన్నారు. ఇప్పటికీ హెపటైటిస్-బికి నేల ఉసిరిని నమ్ముకోమని చెప్పే ఆధారం లేదు. పచ్చకామెర్ల మనిషికి పసరు పోసే ముందు రక్తపరీక్ష చేయించి అది ఏ రకం కామెర్లో తెలుసుకోవాలి. పిత్తాశయంలో రాయి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి, దానికి ఏ పసరూ పనిచేయదు.

బొప్పాయి ఆకు రసం కథా ఇదే. వానాకాలం వచ్చి డెంగీ మొదలైతే ఉప్పల్, నాచారంలో బొప్పాయి చెట్టున్న ఇంటికి తెల్లవారే సరికి ఎవరో ఒకరు వస్తారు. ఆ రసంతో ప్లేట్‌లెట్లు వేగంగా పెరిగాయని 228 మంది రోగులతో మలేషియాలో చేసిన పరీక్ష 2013లో చెప్పింది. కాబట్టి అది ఉత్త పుకారు కాదు. కానీ డెంగీలో ప్రాణం తీసేది చాలాసార్లు ప్లేట్‌లెట్ల కొరత కాదు, రక్తనాళాల నుంచి నీరు బయటికి కారి రక్తపోటు పడిపోవడం. జ్వరం తగ్గిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ గండం వస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్లు జ్వరం పోయింది, రసం పనిచేసింది అనుకుని ఆసుపత్రికి పోవడం మానేస్తారు. రసం తాగితే తాగండి. కడుపు నొప్పి, ఆగని వాంతులు, ఒళ్లు చల్లబడటం, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి పోవాలి. ఇంకో మాట: మందుమొక్కల కుండీల కింద పెట్టే పళ్లేల్లో నిలిచిన నీళ్లే డెంగీ దోమకు పుట్టిల్లు. వారానికోసారి వాటిని ఒంపేయడం బొప్పాయి రసం కన్నా పెద్ద వైద్యం.

ఇంతవరకు చదివినవారికి మొక్కలంటే భయం పుడితే అది నా ఉద్దేశం కాదు. నిలబడినవి చాలా ఉన్నాయి. దగ్గుకు అడ్డసరం ఆకు తరతరాలుగా వాడుతున్నాం. అందులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. మందుల షాపులో కఫం కరగడానికి ఇచ్చే సిరప్ సీసా వెనక ఆ పేరు చదవవచ్చు. అదే వాసిసిన్ గర్భాశయాన్ని బిగించే గుణం ఉన్నది కాబట్టి గర్భిణులు అడ్డసరం తాగకూడదు. మేలూ కీడూ ఒకే పదార్థం నుంచి వస్తాయనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. పసుపు మీద మన తార్నాకలోని పోషకాహార సంస్థే పనిచేసింది. 16 మంది పొగతాగేవాళ్లకు రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు 30 రోజులు ఇస్తే వాళ్ల మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు తగ్గాయని ఆ శాస్త్రవేత్తలు 1992లో ప్రచురించారు. ఒకటిన్నర గ్రాములంటే వంటలో సులువుగా వాడుకోగల మోతాదు. మందుగా మింగడం కన్నా కూరలో తినడం మన పూర్వులు ఎంచుకున్న దారి. కరివేపాకు, మునగాకు, పొన్నగంటి, గలిజేరు లాంటివి కూరగా, పప్పుగా, పొడిగా తిన్నంత కాలం మోతాదు గురించి బెంగపడనక్కర్లేదు.

పొడపత్రి విషయం మరికాస్త జాగ్రత్తగా చూడాలి. ఆకు నమిలితే నాలుకకు తీపి తెలియకుండా పోతుంది. ఇది ఎవరైనా పరీక్షించుకోగల నిజం. 1990లో మద్రాసు పరిశోధకులు 22 మంది మధుమేహ రోగులకు వాళ్ల మాత్రలతో పాటు పొడపత్రి సారం 18 నుంచి 20 నెలలు ఇస్తే, అయిదుగురు మాత్రలు మానేయగలిగారు. చిన్న అధ్యయనం, పెద్ద ఆశ. కానీ వాళ్లకు ఇచ్చింది కొలిచిన సారం, వాళ్ల చక్కెరను డాక్టర్లు కనిపెట్టి చూశారు. మన డాబా మీది ఆకుల్లో ఎంత మందు ఉందో కొలిచినవారు లేరు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకునే మనిషి పైనుంచి పొడపత్రి కషాయం తాగితే తెల్లవారుజామున చక్కెర పడిపోయి చెమటలతో కింద పడవచ్చు. తాగాలనుకుంటే గ్లూకోమీటరు దగ్గర పెట్టుకుని, డాక్టరుకు చెప్పి తాగాలి. సొంతంగా మాత్రలు మానేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

ఒకే మొక్కలో మందు శాతం ఎంతగా మారుతుందో మాచిపత్రి కుటుంబానికి చెందిన ఆర్టెమిసియా అన్యువా చరిత్ర చెబుతుంది. దాని నుంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను వెలికితీసిన చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. ఈ మొక్క సాగును మన దేశంలో పెంచింది సిమాపే. అయినా ఆ ఆకులతో కాచిన టీ తాగి మలేరియా తగ్గించుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఆకుకు ఆకుకు మందు శాతం మారిపోతుంది, చాలీచాలని మోతాదుతో పరాన్నజీవి చావక మొండిదవుతుంది. తులసిలోనూ అంతే. సిమాప్ విడుదల చేసిన సిమ్-ఆయు రకం యూజినాల్ ఎక్కువగా ఉండేలా ఎంచినది. నర్సరీలో కొన్న మన తులసి ఏ రకమో కొన్నవారికీ తెలియదు, అమ్మినవారికీ తెలియదు. జలుబుకు నాలుగు ఆకులు నమలడానికి ఆ తెలివి అక్కర్లేదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవాళ్లు మాత్రం తులసి కషాయాన్నైనా డాక్టరుకు చెప్పాలి.

కొన్నింటి విషయంలో నేను కటువుగానే చెప్పదలిచాను. పసిపిల్లలకు వస కొమ్ము అరగదీసి నాకించడం ఆపాలి. వసలోని బీటా-ఆసరోన్ జంతువుల్లో కేన్సర్ కలిగించిందని అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. మాటలు త్వరగా వస్తాయన్న ఆశతో నెలల బిడ్డకు అది పెట్టడం తగదు. కలబంద గుజ్జు వేరు, ఆకు కోయగానే కారే పసుపు జిగురు వేరు. ఆ జిగురు ఎండితేనే ముసాంబరం. అది కడుపును గట్టిగా కదిలిస్తుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. అమెరికా 2002లో దాన్ని విరేచనాల మందుల నుంచి తీసేసింది. ఒంటికి రాసుకునేందుకు కలబంద ఎంత మంచిదో, జిగురుతో సహా మిక్సీలో వేసి తాగడం అంత చెడ్డది. కిడ్నీలో రాళ్లకు రణపాల ఆకు రోజూ తినమని చెప్పే వీడియోలకు లెక్కలేదు. ఆ జాతి మొక్కల్లో గుండె మీద పనిచేసే విషపదార్థాలున్నాయి, వాటిని మేసి ఆస్ట్రేలియాలో పశువులు చచ్చిపోయాయి. ఒకటి రెండు ఆకులతో మనిషి చావడు గానీ, గుండె జబ్బుకు డిగాక్సిన్ వేసుకునేవాళ్లు దాని జోలికి పోకూడదు. రాయి ఎంతుందో స్కానింగ్ తీయించకుండా ఎవరూ నెలల తరబడి ఆకు నములుతూ కూర్చోకూడదు.

గుర్తింపు మాట మళ్లీ వస్తుంది. జుట్టుకు నూనె కాచే గుంటగలగరకు తెల్లని చిన్న పూలు. రోడ్ల మధ్య డివైడర్ల మీద, పార్కుల్లో పరచిన పసుపు పూల వెడేలియాను కొందరు అదేననుకుని తెచ్చుకుంటారు. సరస్వతి ఆకు పేరుతో ఇద్దరు రెండు వేర్వేరు మొక్కలు చూపిస్తారు. తిప్పతీగ అని దూసరతీగ తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఆకు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. పువ్వు, కాయ, కాండం కోత, వాసన అన్నీ కలవాలి. తిప్పతీగ కాండాన్ని అడ్డంగా కోస్తే బండిచక్రం ఆకుల్లాంటి గీతలు, పైన కాగితంలా ఊడే బెరడు, తీగ నుంచి గాలిలోకి దారాల్లా వేలాడే ఊడలు కనిపించాలి. అవేవీ లేకపోతే అది తిప్పతీగ కాదు.

ఇక మట్టి. ఈ సమస్యలో మన ప్రాంతానికే ప్రత్యేకమైన భాగం ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. మందుమొక్కలు తెచ్చే నేల గురించి సుశ్రుత సంహిత సూత్రస్థానంలో ఒక అధ్యాయమే ఉంది. శ్మశానం, పుట్ట, గుంతలు ఉన్న నేల వద్దంది. ఆ కాలానికి తెలిసిన చెడ్డ నేలలు అవి. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడలను సుశ్రుతుడు చూసి ఉంటే ఆ జాబితా పొడవయ్యేది. దశాబ్దాల పాటు ఇక్కడ లోహాల పనులు, రంగులు, రసాయనాలు, మందుల తయారీ సాగాయి. నగరానికి అటువైపు కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం లాంటి భారలోహాలు ఎక్కువగా ఉన్నాయని ఎన్జీఆర్‌ఐ శాస్త్రవేత్తల అధ్యయనం 2008లోనే చూపించింది. ఇలాంటి వాడల చుట్టూ మట్టిని అనుమానించడానికి అది చాలు. ఉప్పల్, పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డున మురుగునీటితో గడ్డి, ఆకుకూరలు పండించడం అందరికీ తెలిసిందే. ఆ ఆకుల్లోకి లోహాలు చేరుతున్నాయని హైదరాబాద్ శాస్త్రవేత్తలు పలుమార్లు రాశారు.

రోడ్డు పక్క ఇంటి నేలలో సీసం ఉండటానికి ఫ్యాక్టరీ కూడా అక్కర్లేదు. దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరిలో. అంతకుముందు వాహనాలు వదిలిన సీసం మట్టిలోంచి ఎక్కడికీ పోదు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు కట్టడి చేసిన నిబంధన అమలైంది 2017 నవంబరులో. పాత గోడల నుంచి రాలిన పెచ్చులు ఇప్పటికీ గోడ మొదట్లో ఉంటాయి, తిప్పతీగ పాతేది సరిగ్గా అక్కడే. అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో అమ్మిన 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో పద్నాలుగింటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్లు 2004లో బయటపడినప్పుడు, కొన్నది నమ్మలేం, ఇంట్లో పెంచుకుందాం అనుకున్నవాళ్లు చాలామంది. వాళ్ల అనుమానం సరైనదే. కానీ ఇంటి మట్టినీ అదే కంటితో చూడాలి.

కాబట్టి నాచారం పెద్ద చెరువు గట్టునో, ఉప్పల్ నల్లచెరువు చుట్టుపక్కలో, నాలా పక్కనో మొలిచిన గుంటగలగర, నేల ఉసిరి, అటికమామిడి, ఉత్తరేణి కోసి తేవద్దు. ముఖ్యంగా బ్రాహ్మి లాంటి తేమ మొక్కలు నీటిలోని లోహాలను తమలోకి లాక్కుంటాయి. 2020 అక్టోబరు వరదల్లో హబ్సిగూడ, రామంతపూర్, ఉప్పల్ కాలనీల్లోకి మురుగు వచ్చిన ఇళ్లలో పాత మట్టిని మందుమొక్కలకు వాడకపోవడం మంచిది. పెంచేది కుండీలోనే పెంచాలి. ఎర్రమట్టి ఎక్కడి నుంచి తవ్వి తెచ్చారో అమ్మేవాణ్ని అడగాలి. కూల్చిన ఇంటి మట్టి అయితే వద్దు. మాగిన కంపోస్టు ఎక్కువ కలిపితే లోహాలు మొక్కకు అందడం తగ్గుతుంది. పెయింటు డబ్బాలు, బ్యాటరీ పెట్టెలు, రసాయనాల డ్రమ్ములు కుండీలుగా పనికిరావు. వేరు తినే అశ్వగంధ, శతావరి లాంటివి మట్టి పరీక్ష చేయించిన తర్వాతే వేసుకోవాలి. ఆకులు తినేవాటిని రోడ్డు వైపు కాకుండా వెనక డాబా మీద పెట్టి, వాడే ముందు పారే నీళ్లలో కడగాలి.

చట్టం గురించి క్లుప్తంగా. ఇంటి కోసం పెంచి ఇంట్లో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చూర్ణం చేసి, సీసాల్లో నింపి, వాట్సాప్ గ్రూపులో అమ్మితే అది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి వస్తుంది, లైసెన్సు కావాలి. మధుమేహం తగ్గిస్తుందని ప్రచారం చేస్తే 1954 నాటి మాయా వైద్యాల చట్టం ప్రకారం నేరం. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది ఎగబడినప్పుడు ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారే ముందుకొచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక తెప్పించుకుని, మే 31న కంటి చుక్కలు తప్ప మిగిలిన వాటికి అనుమతి ఇచ్చింది. హాని లేదన్న నివేదికను రోగం తగ్గిస్తుందన్న నివేదికగా చాలామంది అర్థం చేసుకున్నారు. ఆ రెండింటి మధ్య దూరం చాలా ఉంది.

ఇంట్లో మందుమొక్కలు పెంచుకునే అక్కలకు, అన్నలకు, పెద్దవాళ్లకు చెప్పేది ఇంతే. ఒకసారికి ఒకే మొక్క. మొదలుపెట్టిన తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. చిన్న బాధకు అయిదారు రోజులు చాలు, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోండి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, అయిదేళ్లలోపు పిల్లలకు, కాలేయం, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకు కషాయాలు సొంతంగా ఇవ్వద్దు. మూత్రం చిక్కని పసుపు రంగులోకి మారినా, ఆకలి పోయినా, దురద మొదలైనా ఆ పూటే ఆపి కాలేయ పరీక్ష చేయించండి. ఆయుర్వేద వైద్యుడి సలహా కావాలంటే ఎర్రగడ్డలోని బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడ చదువుకున్న వైద్యులు చూస్తారు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా తాగుతున్న కషాయం పేరు దాచకండి.

డాక్టర్లకూ ఓ విన్నపం ఉంది. రోగి కషాయం పేరు చెప్పినప్పుడు కసురుకోకండి. కసిరితే మరుసటిసారి చెప్పరు. అడగవలసిన నాలుగు ప్రశ్నల్లో ఇదొకటిగా పెట్టుకోండి.

ఉప్పల్ దారి పొడవునా ఉన్న సంస్థలకు ఇంకా పెద్ద విన్నపం. మొక్కను గుర్తించగల వృక్షశాస్త్రవేత్తలు బోడుప్పల్‌లోని సిమాప్‌లో, ఉస్మానియా వృక్షశాస్త్ర శాఖలో ఉన్నారు. మట్టిలో సీసం కొలిచే నైపుణ్యం ఎన్జీఆర్‌ఐలో, ఐఐసీటీలో ఉంది. ఏం తినాలో చెప్పగల పోషకాహార సంస్థ కూడా ఇదే దారిలో ఉంది. మొక్కలు నాటే ప్రభుత్వ కార్యక్రమం హరితహారం 2015లో మొదలయ్యాక ఇంటింటికీ తులసి, కలబంద మొక్కలు పంచిన నగరపాలక సంస్థకు ప్రతి కాలనీ చేరే దారి తెలుసు. వీరంతా కలిసి నెలకు ఒక ఆదివారం ఉప్పల్‌లో ఒకటి, నాచారంలో ఒకటి బల్ల వేసి, జనం తెచ్చిన కొమ్మను గుర్తుపట్టి, తెచ్చిన గుప్పెడు మట్టిని పరీక్షకు తీసుకుని, ఫలితం తెలుగులో రాసి ఇవ్వాలి. మొక్క పంచేటప్పుడు దానితో పాటు మోతాదు, గడువు, ఎవరు వాడకూడదో రాసిన చీటీ కూడా ఇవ్వాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చు లేదు. వచ్చే వానాకాలం మొక్కల పంపిణీ లోపే మొదలుపెట్టమని అడుగుతున్నాను.